బాత్రూముకు కూడా పిట్టగోడ కావాలి

మీ ఇంట్లో గీజరు ఉందా? ఉంటే, దాని ఎర్తు వైరు ఎక్కడి వరకు పోయిందో మీకు తెలుసా?

మన ఆసుపత్రిలో కరెంటు పనులు చూసేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న చాలామందిని అడుగుతుంటాను. వార్డులో రోగికి తోడుగా ఉన్నవారిని అడిగాను. ఆదివారం ఆరాధన ముగిశాక చెట్టు కింద మాట్లాడుకునే పెద్దలను అడిగాను. కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రతిష్ఠకు పిలిచినవారిని కూడా అడిగాను. గీజరు ఏ కంపెనీదో, ఎన్ని లీటర్లదో, ఎంతకు తెచ్చారో అందరూ టక్కున చెబుతారు. ఎర్తు సంగతి వచ్చేసరికి "మేస్త్రీకి తెలుసు", "ఇంటి వెనక ఏదో పైపు పాతినారు", "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదప్పా" అంటారు.

అందుకే ఈ నెల నా అభిప్రాయం సూటిగా రాస్తున్నాను. మన తాడిపత్రి నేల మీద ఎర్తు గుంత ఒక్కదాన్నే నమ్ముకుని గీజరు వాడడం సరికాదు. మంచి ఎర్తు, దానితోపాటు ఆర్.సి.సి.బి. అనే చిన్న పరికరం, ఈ రెండూ లేని బాత్రూములో గీజరు గాని, నీళ్ళు కాచే హీటరు కడ్డీ గాని వాడకూడదు. ఆ రెండింటినీ పెట్టించే బాధ్యత ఇంటి యజమానిది. ఎందుకో వివరిస్తాను.

వీధిలో తీగ, ఇంట్లో తీగ

2022వ సంవత్సరం మన ప్రాంతం మరచిపోలేనిది. ఆ ఏడాది జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలికి వెళ్తున్న ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడి ఐదుగురు మహిళలు చనిపోయారు. నవంబరు 2న బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో ట్రాక్టరు మీద తీగ పడి నలుగురు మహిళా కూలీలు చనిపోయారు. ఆ వార్తలు విని మనమంతా బాధపడ్డాం, కోపపడ్డాం. లైన్లు సరిచేయాలని అడిగాం. అడగడం న్యాయమే.

అదే ఏడాది జులైలో తెలంగాణలోని కామారెడ్డి పట్టణంలో ఇంకొక ఘోరం జరిగింది. ఒక ఇంటి దగ్గర బట్టలు ఆరేసే ఇనుప తీగకు కరెంటు వచ్చింది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పట్టుకున్నారు. ఒకే కుటుంబంలో నలుగురు పోయారు. వారిలో ఇద్దరు పిల్లలు. అక్కడ హైటెన్షన్ లైను తెగలేదు. రోజూ చేతితో తాకే తీగే ప్రాణాలు తీసింది.

మన దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పన్నెండు వేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. వీధిలో ఉన్న లైను మన చేతిలో లేదు. మన గోడల మధ్య ఉన్న వైరింగు పూర్తిగా మన చేతిలో ఉంది. అయినా దాన్నే మనం చూడం.

ఇది పేదవాళ్ళ ఇళ్ళలోనే జరుగుతుందని కూడా అనుకోవద్దు. 1978 మార్చి 11న ఫ్రాన్సు దేశపు ప్రఖ్యాత గాయకుడు క్లాడ్ ఫ్రాన్స్వా పారిస్‌లోని తన సొంత ఇంటి బాత్రూములో, స్నానం మధ్యలో లైటును సరిచేయబోయి షాకు కొట్టి చనిపోయాడు. తడి చేతికి ధనిక పేద తేడా లేదు.

తడి ఒంటికి షాకు ఎందుకు ఎక్కువ?

వంటగదిలో పొడి చేతితో, కాళ్ళకు చెప్పులతో ఉన్నప్పుడు తగిలే షాకు వేరు, బాత్రూములో తగిలే షాకు వేరు. పొడి చర్మం కరెంటును కొంతవరకు అడ్డుకుంటుంది. తడిసిన చర్మం ఆ అడ్డును చాలావరకు పోగొట్టుకుంటుంది. స్నానం చేసేటప్పుడు ఒళ్ళంతా తడి, కాళ్ళకు చెప్పులుండవు, కింద నీళ్ళు నిలిచిన బండ. మన ఊళ్ళో బచ్చలికి పరిచేది మన గనుల్లో తీసిన బండే. పొడిగా ఉన్నప్పుడు దాని సంగతి వేరు. సబ్బు నీళ్ళతో తడిసినప్పుడు అది కరెంటుకు దారి ఇస్తుంది.

తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లో 230 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఇది ఎంత ప్రమాదమో చూడండి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల మీద ఎన్నో పరీక్షలు చేశారు. సగటున మగవారికి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారికి పదిన్నర మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలలేరని ఆయన తేల్చారు. అంతకు ఇంకొన్ని రెట్లు పెరిగి కరెంటు ఛాతీ గుండా పారితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. ఆ స్థితిలో కొద్ది నిమిషాలే గడువు.

జీరో వాట్ బల్బు అని మనం పిలిచే చిన్న బల్బు కూడా పదుల మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మనిషిని చంపడానికి ఆమాత్రం కరెంటు చాలు.

గీజరుకు కరెంటు ఎలా లీకవుతుంది?

గీజరు లోపల నీళ్ళను కాచే చుట్ట ఒకటి ఉంటుంది. ఒక లోహపు గొట్టం మధ్యలో కాలే తీగ, తీగకూ గొట్టానికీ మధ్య కరెంటు పారనివ్వని పొడి. గొట్టం బాగున్నంతకాలం నీటికి కరెంటు తగలదు. కాని మన బోరు నీళ్ళ సంగతి మీకు తెలుసు. బిందె అడుగున, కొళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునే సున్నం గీజరు చుట్ట మీద కూడా పేరుకుంటుంది. చుట్ట వేడి నీటిలోకి సరిగా పోక, గొట్టం అతిగా కాలి, ఒకనాడు పగులుతుంది. నీరు లోపలికి చేరుతుంది. అప్పుడు గీజరు తొట్టికి, అందులోని నీటికి కరెంటు వస్తుంది. నీళ్ళు మామూలుగానే కాగుతూ ఉంటాయి. చూసేవారికి ఏ లోపమూ కనిపించదు.

ఈ లీకైన కరెంటుకు మనం తీసే పక్క కాలువే ఎర్తు వైరు. చేలోకి వంక నీళ్ళు రాకుండా గట్టు పక్కన కాలువ తీస్తాం కదా, అలాంటిదే. మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా ఉండేది ఎర్తు పిన్ను. గీజరు లోహపు ఒంటిని అది ఎర్తు వైరుకు, అక్కడి నుంచి నేలలో పాతిన పైపుకు కలుపుతుంది.

కాని కాలువ తీస్తే సరిపోదు. దాని చివర నీరు ఇంకాలి.

బండ మీద ఇంకుడు గుంత

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా కొన్ని నెలల్లోనే. మన తాడిపత్రి చుట్టూ నేల తవ్వితే కొద్ది లోతులోనే సున్నపురాయి పొరలు తగులుతాయి. బండల వ్యాపారానికీ సిమెంటు ఫ్యాక్టరీలకూ ఆ రాయి వరమే. ఎర్తుకు మాత్రం అది శత్రువు. ఎండిన మట్టిలో, రాతిలో కరెంటు సులభంగా ఇంకదు. ఎర్తింగు గురించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043 కూడా ఇదే చెబుతుంది. మట్టిలో తేమ 20 శాతానికి తగ్గినకొద్దీ దాని నిరోధం చాలా వేగంగా పెరుగుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో గుంతలో తేమ ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

ఒక చిన్న లెక్క చూడండి. మీ ఇంటి ఎర్తు నిరోధం 50 ఓములు ఉందనుకుందాం. గీజరులో లీకయింది. 230 వోల్టులను 50తో భాగిస్తే 4.6. అంటే ఎర్తులోకి 4.6 ఆంపియర్లకు మించి పారదు. గీజరుకు పెట్టిన 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీన్ని లెక్కే చేయదు. అది వెంటనే పడిపోవాలంటే కనీసం 80 ఆంపియర్లు పారాలి. దానికి ఎర్తు దారి మొత్తం నిరోధం మూడు ఓముల లోపు ఉండాలి. మన బండ నేలలో, ఎండాకాలంలో, ఒక పైపు పాతి ఆ అంకె తేవడం చాలా కష్టం.

కాబట్టి ఏమవుతుంది? ఎం.సి.బి. పడదు. గీజరు ఒంటి మీద దాదాపు పూర్తి కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. అంతే కాదు, ఇంట్లో అన్ని ఎర్తు వైర్లూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి ఫ్రిజ్జు తలుపుకు, మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు కూడా ఆ కరెంటు చేరుతుంది. ఎర్తు ఉందని ధైర్యంగా ఉన్న ఇంట్లోనే ఇది జరుగుతుంది. బండ మీద ఇంకుడు గుంత తవ్వి, నీరంతా ఇంకిపోయిందని అనుకున్నట్టే ఇది.

"మా ఎలక్ట్రీషియన్ బల్బు పెట్టి చూపించినాడు, బాగా వెలిగింది" అని కొందరంటారు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు వెలిగితే ఎర్తు వైరు ఎక్కడా తెగలేదని తెలుస్తుంది, అంతే. ఆ బల్బు తీసుకునేది అర ఆంపియరు కూడా లేదు. 50 ఓముల ఎర్తు మీద కూడా అది ప్రకాశంగానే వెలుగుతుంది. ఎర్తు నిజంగా ఎంత బాగుందో ఎర్తు టెస్టరు మీటరుతో కొలిస్తేనే తెలుస్తుంది. ఆ కొలత కూడా వానలు పడ్డాక కాదు, నడి ఎండాకాలంలో తీయించండి. ఈ పరీక్షలేవీ మీరు సొంతంగా చేయవద్దు.

ఆర్.సి.సి.బి. ఏం చేస్తుంది?

ఇంటి మెయిను బోర్డులో ఎం.సి.బి.ల పక్కన ఉండే చిన్న పరికరం ఇది. మీద 'టెస్ట్' అనే బొత్తాం ఉంటుంది. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రలులో తిరిగి వస్తోందా లేదా అని ఇది ఎప్పుడూ లెక్క చూస్తూ ఉంటుంది. వెళ్ళినదానికీ వచ్చినదానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే, సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా ఆపేస్తుంది. డాల్జీల్ గారు తన పరిశోధనల ఆధారంగా 1961లో రూపొందించిన పరికరం కూడా ఈ సూత్రంతో పనిచేసేదే.

పైన వేసిన లెక్కనే మళ్ళీ చూడండి. 50 ఓముల ఎర్తులో 4.6 ఆంపియర్లు పారితే ఎం.సి.బి. కదలలేదు. ఆర్.సి.సి.బి.కి అది వందరెట్లకు పైగా ఎక్కువ, క్షణంలో పడిపోతుంది. మన నేలలో ఎర్తు కొంచెం బలహీనంగా ఉన్నా ఇది పని చేస్తుంది. అందుకే మనలాంటి కరువు ప్రాంతానికి ఇది మిగతావారికంటే ఎక్కువ అవసరం.

మరి ఆర్.సి.సి.బి. ఉంటే ఎర్తు ఎందుకు అని అడగవచ్చు. ఎర్తు ఉంటే లీకు మొదలైన వెంటనే, ఎవరూ తాకకముందే పరికరం పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఎవరో ఒకరు తాకి, వారి ఒంటి గుండా కరెంటు పారినప్పుడే పడుతుంది. ఆ క్షణం షాకు మాత్రం తగిలి తీరుతుంది. తడి బండ మీద జారి తల గోడకు కొట్టుకోవడానికి ఆ క్షణం చాలు. కాబట్టి రెండూ కావాలి.

ఇంకొక మాట. ఫేజు, న్యూట్రలు రెండింటినీ ఒకేసారి పట్టుకుంటే ఆర్.సి.సి.బి. కాపాడలేదు. ఎం.సి.బి. చేసే పని కూడా ఇది చేయదు. రెండూ వేరు వేరుగా ఉండాలి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనలలో, వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనలలో, ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లు మించకుండా పనిచేసే ఇలాంటి రక్షణ ఉండాలని ఉంది. 2 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చారు. ఇక్కడే నా బాధ. మామూలు గీజరు ఒక్కటే 2 కిలోవాట్లు తీసుకుంటుంది. అది కొనలేని చిన్న కనెక్షను ఇంట్లో వాడేది హీటరు కడ్డీ. అది గీజరుకంటే ప్రమాదకరం. అంటే ఎవరికి ఎక్కువ రక్షణ కావాలో వారికే రూలు వర్తించడం లేదు. రూలు అడగలేదని మనం ఊరుకోకూడదు. ఈ పరికరం ఖరీదు గీజరు ఖరీదుకంటే బాగా తక్కువ. బాత్రూము గోడలకు పూల టైల్స్ అతికించడానికి మనం పెట్టే ఖర్చులో అది ఒక మూలకు కూడా రాదు.

"అది ఊరికే పడిపోతోందని తీసేయించినాం" అనేవారు కూడా ఉన్నారు. పెరట్లో కుక్క రాత్రంతా మొరుగుతోందని కుక్కను తోలేసి నిద్రపోతామా? ఎందుకు మొరుగుతోందో చూస్తాం. పదేపదే పడుతోందంటే ఎక్కడో లీకు ఉందని, లేదా వైరింగులో న్యూట్రలు తప్పుగా కలిసిందని అర్థం. కారణం వెతికించండి.

బాండింగ్ అంటే?

కరెంటు తీగ మీద కాకి కూర్చుంటే దానికేమీ కాదు. దాని రెండు కాళ్ళూ ఒకే తీగ మీద, ఒకే వోల్టేజీలో ఉన్నాయి కాబట్టి. తేడా ఉన్నచోటే కరెంటు పారుతుంది. బాండింగ్ అనే పనికి మూలం ఇదే. బాత్రూములో ఒక చేతికి గీజరు, ఇంకొక చేతికి ఇనుప పైపు అందుతుంటే, ఆ రెండింటినీ, ఇంకా బయటి నుంచి లోపలికి వచ్చే ఇనుప గొట్టాలన్నిటినీ, రాగి తీగతో ఒకదానికొకటి కలిపి ఎర్తుకు కలుపుతారు. అప్పుడు లోపం వచ్చినా వాటి మధ్య పెద్ద తేడా ఏర్పడదు. మన ఆపరేషన్ థియేటరులో ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి. మత్తులో ఉన్న రోగి చేయి వెనక్కి తీసుకోలేడు కదా.

ఇళ్ళలో ఇది ఎంతవరకు అవసరం? పాత ఇళ్ళలో జి.ఐ. పైపులుంటే తప్పకుండా చేయించాలి. ఇప్పుడు కట్టే ఇళ్ళలో ప్లాస్టిక్ పైపులే ఎక్కువ. ప్లాస్టిక్ పైపు చివర బిగించిన ఒంటరి కొళాయిని కలపనక్కరలేదు. అసలు ప్రమాదం సగం ఇనుము, సగం ప్లాస్టిక్ ఉన్న ఇళ్ళలో ఉంది. ఒకప్పుడు నేలలోకి పోయే ఇనుప నీళ్ళ పైపుకే ఎర్తు కట్టేవారు. తరువాత ఎవరో పైపు పగిలిందని మధ్యలో నాలుగడుగుల ప్లాస్టిక్ ముక్క వేస్తారు. అంతే, ఎర్తు అక్కడితో తెగిపోతుంది. లోపలి పైపంతా గాలిలో వేలాడే ఇనుమే. నీళ్ళ పైపును, బోరు కేసింగును ఎర్తుగా నమ్ముకోవద్దు.

నేను చూసిన తప్పులు

మొదటిది, ఎర్తు లేనిచోట ప్లగ్గు వెనక న్యూట్రలునే ఎర్తు పిన్నుకు కలిపేయడం. "దీంతో పని నడుస్తుంది సార్" అంటారు. నడుస్తుంది, న్యూట్రలు ఎక్కడైనా ఊడిపోయే రోజు వరకు. ఆ రోజు గీజరులో లీకు లేకపోయినా దాని ఒంటికి నేరుగా కరెంటు వస్తుంది. దీనికంటే ఎర్తు లేకపోవడమే నయం.

రెండవది, లావు పిన్ను విరిచేసి, లేదా రెండు పిన్నుల సాకెట్టులోకి బలవంతంగా దూర్చి వాడడం.

మూడవది, గీజరుకు ఒంటి స్విచ్చి. ఫేజు, న్యూట్రలు తారుమారైతే స్విచ్చి ఆపినా గీజరు లోపల ఫేజు అలాగే ఉంటుంది. రెండింటినీ కత్తిరించే డబుల్ పోల్ స్విచ్చి పెట్టించండి. అది బాత్రూము బయట ఉండాలి.

నాలుగవది, ఎర్తు గుంతను పాతి మరచిపోవడం. ఎర్తు పైపు కనీసం రెండున్నర మీటర్ల పొడవు ఉండాలి, ఇంటి గోడకు కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో ఉండాలి. బండ తగిలి లోతు పోకపోతే ఒకటికి రెండు మూడు పైపులు దూరం దూరంగా పాతి కలపాలి. ఉప్పు, బొగ్గు వేస్తే మొదట బాగానే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఉప్పు కరిగిపోతుంది, పైపునూ తింటుంది. తేమ పట్టి ఉంచే బెంటొనైటు మట్టి మేలు. వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్ళు ఆ గుంతలో పోయండి. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో ఇది వృథా అనిపించవచ్చు. కూరగాయలు కడిగిన నీళ్ళు చాలు.

ఐదవ తప్పు నాది. కొన్నేళ్ళ క్రితం మేము అద్దెకున్న ఇంట్లో "కొళాయి తాకితే జివ్వుమంటోంది" అని మా ఇంటామె చెప్పింది. నేను రోజూ ఆసుపత్రిలో ఇలాంటివే సరిచేసేవాణ్ణి. "ఆదివారం చూద్దాంలే" అన్నాను. శుక్రవారం మా చిన్నమ్మాయి కేక వేసింది. షాకు చేతిని విసిరికొట్టింది కాబట్టి బతికింది. విప్పి చూస్తే, ప్లగ్గు వెనక పచ్చటి ఎర్తు వైరు చక్కగా ఉంది. కాని గోడలో ఒక అడుగు లోపలికి పోయి అక్కడే ఆగిపోయింది. దేనికీ కలపలేదు. ఆ రోజు నుంచి "జివ్వుమంది" అనే మాట వింటే నేను వాయిదా వేయను. మీరు కూడా వేయవద్దు. అంతకంటే ముందుగా ఏ హెచ్చరికా రాదు.

హీటరు కడ్డీ వాడేవారికి

రాగి కాగులో, కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచుకునే రోజులు పోయాయి. ఇప్పుడు చాలా ఇళ్ళలో, హాస్టళ్ళలో బకెట్టులో కడ్డీ పెడుతున్నారు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది మాత్రమే కొనండి. ముందు కడ్డీని నీటిలో, గుర్తు గీత వరకు పెట్టి, ఆ తరువాతే స్విచ్చి వేయండి. తీసేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకేశాక కడ్డీని తాకండి. నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూడడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఇనుప బకెట్టు వాడవద్దు. పిల్లలున్న ఇంట్లో కడ్డీ పెట్టి పక్కకు పోవద్దు.

గీజరైనా సరే, ఒక అలవాటుకు పైసా ఖర్చు లేదు. నీళ్ళు కాగాక స్విచ్చి ఆపి, ఆ తరువాతే స్నానానికి వెళ్ళండి.

షాకు కొడితే

పట్టుకుని లాగవద్దు. కామారెడ్డిలో ఒకరి తరువాత ఒకరు పోయింది అలాగే. ముందు మెయిను ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో, పొడి చోట నిలబడి వారిని విడదీయండి. 108కి ఫోను చేయించండి. స్పృహ లేక, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున, సుమారు రెండంగుళాలు లోపలికి పోయేలా నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. ఇసుకలో పూడ్చడం, ఒళ్ళు రుద్దుతూ కాలం గడపడం వంటివి చేయవద్దు.

తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినవారు, గుండె దడ ఉన్నవారు, కాలిన గాయం ఉన్నవారు, గర్భిణులు తప్పక ఆసుపత్రికి రావాలి. ఇ.సి.జి. తీయించాలి. పైకి చిన్నగా కనిపించే గాయం లోపల పెద్దదై ఉండవచ్చు.

బాధ్యత ఎవరిది?

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలనే ఆజ్ఞ ఉంది. ఎవరైనా పైనుంచి పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుందని అందులో హెచ్చరిక. మన రాయలసీమ మిద్దెల మీద పడుకుని పెరిగినవారికి ఇది వివరించనక్కరలేదు. పడినవాడు చూసుకుని నడవాల్సిందని అక్కడ అనలేదు. కట్టినవాణ్ణే అడిగింది. ఈ కాలపు ఇంట్లో ఎర్తు, ఆర్.సి.సి.బి. కూడా ఒక పిట్టగోడ అని నా నమ్మకం. ఇల్లు అద్దెకిచ్చేవారు "గీజరు వాళ్ళు పెట్టుకున్నారు, మాకేం సంబంధం" అనవచ్చు. అద్దెకున్నవారు మీ గోడ పగలగొట్టి ఎర్తు వేసుకోలేరు. ఆ ఖర్చు మీదే.

సంఘాలకు ఒక మనవి. డిసెంబరు చలిలో, క్రిస్మస్ పనుల హడావుడిలో తెల్లవారుజామునే ఇంటింటా గీజర్లు, కడ్డీలు పెడతారు. దానికి ముందే, నవంబరులో, ఒక లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పాస్టరు గారి ఇల్లు, పిల్లల హాస్టలు, ఒంటరిగా ఉండే విధవరాండ్ర, వృద్ధుల ఇళ్ళు చూపించండి. స్టారు కట్టడానికి, సీరియల్ లైట్లకు చందా వేసుకుంటాం. ఈసారి అందులో కొంత తీసి, లేనివారి ఇంటికి ఒక ఆర్.సి.సి.బి. బిగించండి.

ఈ నెల సంచిక చదవడం ముగించాక లేచి మీ మెయిను బోర్డు దగ్గరకు వెళ్ళండి. 'టెస్ట్' బొత్తాం ఉన్న పరికరం ఉందా చూడండి. ఉంటే ఒకసారి నొక్కండి. ఇంట్లో కరెంటు పోతే అది పని చేస్తున్నట్టు. నెలకొకసారి అలా నొక్కి చూడండి. నొక్కినా పడకపోతే దాన్ని మార్పించండి. అసలు అలాంటి పరికరమే లేకపోతే, అది బిగించేదాకా నీళ్ళు పొయ్యి మీద కాచుకోండి.